వదిన పెట్టిన ఫైల్ పేర్లు

ఏ ఫైల్ సేవ్ చేయబోయినా డిస్కులో స్థలం లేదంటూ కంప్యూటర్ మొండికేసి వారం అయింది. ఒక పెళ్ళికార్డు టైపు చేయాలంటే ఇంకో పెళ్ళికార్డు చెరపాల్సి వస్తోంది. టైపింగ్, డిజైనింగ్ షాపు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఈలోగా కంప్యూటర్లు మూడు మారాయి గానీ, పాతదానిలో ఉన్నదంతా తెచ్చి కొత్తదానిలో కుమ్మరించడమే తప్ప ఏనాడూ ఒక్క ఫైల్ తీసి పారేసిన పాపాన పోలేదు మేము. మేము అంటే నేనూ, మా అన్నయ్య భార్యా. ఆరేళ్ళ క్రితం వరకూ అని చెప్పుకోవాలి.

సర్జన్‌ని పిలిచాను. ఆయన కంప్యూటర్ మెకానిక్. ఏ జబ్బు చెప్పినా ముందు పెట్టె విప్పి పేగులు బయట పెడతాడని వదినే ఆయనకి ఆ పేరు పెట్టింది. ఈసారి మాత్రం ఆయన స్క్రూడ్రైవర్ జోలికి పోలేదు. బొటనవేలంత పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి గుచ్చాడు.

"దీన్లో ఒక ప్రోగ్రామ్ ఉందక్కగారూ. డిస్కంతా అదే చదువుకుంటుంది, అదే సర్దుకుంటుంది. ఏ ఫైల్ ఏ సంవత్సరానిదో ఆ సంవత్సరం కింద పెడుతుంది. ఒకేలాంటివి పది ఉంటే ఒకటి ఉంచి తొమ్మిది తీసేస్తుంది. పేర్లు కూడా అదే మార్చేస్తుంది, తేదీ, పక్కన వరస నంబరు. మీరు టీ తాగుతూ కూర్చోండి చాలు," అన్నాడు.

"పేర్లు మార్చడమే కావాలి నాకు," అన్నాను. "ఆ పేర్లతో ఆరేళ్ళుగా చస్తున్నాను."

ఆ పేర్ల సంగతి చెప్పాలి. వదినకి ఒక సిద్ధాంతం ఉండేది. 'చివరిది' అని పేరు పెట్టిన ఫైల్‌కి తప్పకుండా ఇంకో దిద్దుబాటు వస్తుందని, అప్పుడు 'చివరిది రెండు' అని పెట్టాలని, తర్వాత 'అసలైన చివరిది', ఆ తర్వాత ఏడుపు అని. అందుకని ఆవిడ ఫైళ్ళకి పని పేరు పెట్టేది కాదు, ఆ రోజు పేరు పెట్టేది. సాయంత్రం షాపు మూసేముందు ఆ రోజు జరిగిందేదో ఒకటి రాసి సేవ్ చేసేది. రెండేళ్ళ తర్వాత ఎవరైనా వచ్చి, మా అక్కకి చేశారే, అలాంటి కార్డే కావాలి అంటే, "మీరొచ్చిన రోజు వాన పడిందా? కరెంటు పోయిందా? మీవెంట దగ్గుతూ ఒక పెద్దాయన వచ్చారా?" అని ఆరా తీసి, రెండు నిమిషాల్లో ఫైల్ తెరిచి చూపించేది. కస్టమర్లు నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. రోజు గుర్తుంటే పని గుర్తుంటుంది అనేది. ఆవిడకి గుర్తుండేవి. నాకు నిన్న ఏం చేశానో ఇవాళ గుర్తుండదు. అందుకే ఆవిడ వెళ్ళిపోయాక ఏ పాత కార్డూ దొరక్క, అన్నీ మళ్ళీ మొదట్నుంచి టైపు చేసుకుంటూ వచ్చాను. డిస్కు నిండదా మరి.

ఇప్పుడు మేమిద్దరం మాట్లాడుకునేది చుట్టాల పెళ్ళిళ్ళలోనే. బాగున్నావా, బాగున్నాను, పిల్లలు, బాగున్నారు. అంతటితో సరి. అన్నయ్య గోడమీద పిల్లిలా మా ఇద్దరి మధ్యా కూర్చుని భోజనం చేస్తాడు. వదిన ఊళ్ళో ఇంకో మూల ఒక లాయరు ఆఫీసులో టైపు చేస్తోంది. ఆవిడ మళ్ళీ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంటే బాగుండునని నాకు రోజూ అనిపిస్తుంది. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాను, తప్పంతా ఆవిడదేనని ఊరందరికీ చెప్పింది నేనే కదా.

ప్రోగ్రామ్ మొదలైంది. తెర మీద ఎడమవైపు పాత పేరు, కుడివైపు కొత్త నంబరు, వరసగా పైకి జరిగిపోతున్నాయి. నేను టీ తాగుతూ చూస్తున్నాను.

'పెళ్ళికార్డు మూడోసారి, పెళ్ళికొడుకు మాత్రం మారలేదు.'

'బొద్దింకని మరదలు చెప్పుతో కొట్టింది, తగల్లేదు.'

'ఈయన మళ్ళీ వస్తే నేను చచ్చిపోయానని చెప్పాలి.'

'కొత్త ప్రింటర్ వచ్చింది, మరదలు దాన్ని ముద్దు చేస్తోంది.'

'అన్నాచెల్లెళ్ళు పొద్దున్నే పోట్లాడుకున్నారు, నేను ఎవరివైపూ లేను.'

నవ్వొచ్చింది. ఆ బొద్దింక సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను. ఇప్పుడు మొత్తం గుర్తొచ్చింది. నేను కుర్చీ ఎక్కి అరవడం, ఆవిడ నేలమీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వడం, విజిటింగ్ కార్డుల కోసం వచ్చిన బ్యాంకు మేనేజరు గుమ్మంలోనే ఆగిపోయి, తర్వాత వస్తానండీ అని వెనక్కి తిరగడం. పన్నెండేళ్ళపాటు రోజుకొక ముక్క చొప్పున ఆవిడ మా బతుకంతా రాసిపెట్టింది. నేనేమో కూర్చుని దాన్ని నంబర్లుగా మార్పిస్తున్నాను.

"ఆపండి," అన్నాను. "పేర్లు మార్చొద్దు."

"పేర్లతో పనేంటక్కగారూ, లోపలున్నది కదా ముఖ్యం."

"లోపలున్నవి పాత పెళ్ళికార్డులు. అందులో సగం మంది ఈపాటికి విడిపోయుంటారు. నాకు పేర్లే కావాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఏదో నొక్కి, మార్చిన పేర్లన్నీ వెనక్కి తెప్పించాడు. సర్దడం మాత్రం సాగింది. సంవత్సరాలు, వాటి కింద నెలలు. ఆరేళ్ళ కిందటి ఒక నెల దగ్గరికి వచ్చి ప్రోగ్రామ్ ఆగింది. ఒకే పుస్తకం ఇరవై మూడు చోట్ల ఉంది, అన్నిటికన్నా పెద్దది ఉంచి మిగతా ఇరవై రెండూ తీసెయ్యమంటారా అని అడుగుతోంది.

ఆ పుస్తకం ఏదో చూడకుండానే చెప్పగలను. ఒక బడి పెట్టి యాభై ఏళ్ళయిందని వేసుకున్న సంచిక. నూట ఎనభై నాలుగు పేజీలు. మా షాపుకి వచ్చిన పనుల్లోకెల్లా పెద్దది. ఐదు నెలలు వదిన ఒక్కతే కూర్చుని టైపు చేసింది. అప్పజెప్పే రోజు బడి పెద్ద మేడం వచ్చి ఎదురుగా కూర్చుంది. వదిన వెతికింది, వెతికింది. ఎక్కడా లేదు. 'బడి పుస్తకం' అని మామూలు పేరుతో ఒకే ఒక్క ఫైల్ కనబడింది. తెరిస్తే నలభై పేజీలు. "నువ్వేమైనా ముట్టుకున్నావా?" అని నన్ను అడిగింది. లేదన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. మేడం ఎదురుగానే అన్నాను: "నువ్వు ఆటలాడుకోడానికి వస్తున్నావు వదినా. నేను బతకడానికి వస్తున్నాను."

మేడం లేచి బయటికి నడిచింది. నేను మేడంని బతిమాలుకుంటూ కింద కారు దాకా వెళ్ళాను. అరగంట తర్వాత పైకి వచ్చేసరికి వదిన కుర్చీ ఖాళీగా ఉంది. పుస్తకం ఇంకో ప్రెస్సుకి వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ మా షాపు మెట్లు ఎక్కలేదు.

"ఆ పెద్దది తెరవండి ఒకసారి," అన్నాను సర్జన్‌తో.

తెరిచాడు. కిందికి లాగుతుంటే పేజీలు వస్తూనే ఉన్నాయి. నూట ఎనభై నాలుగు. దాని పేరు 'అయిపోయింది, ఎల్లుండి ఇచ్చేసి నేనూ మరదలూ ఎక్కడికైనా పోతాం'.

"ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"'పాత పాటలు' లోపల 'చెత్త' అని ఒక ఫోల్డర్ ఉందండి. ఇవన్నీ అందులోవే. ఎవరో స్థలం కోసం సర్దినట్టున్నారు," అని నవ్వాడాయన. "ఈ గదిలో సామాను ఆ గదిలో పెడితే ఇల్లు ఖాళీ అవుతుందా ఎక్కడైనా?"

ఎవరో కాదు, నేనే. మేడం రావడానికి ముందు రోజు వదిన కళ్ళజోడు మార్పించుకోడానికి సెలవు పెట్టింది. ఆ మధ్యాహ్నం కూడా స్థలం లేదని కంప్యూటర్ ఇలాగే మొరాయించింది. నాకు చిర్రెత్తుకొచ్చి, ఆ మధ్య చేసిన పిచ్చి పేర్ల ఫైళ్ళన్నీ ఊడ్చి ఆ ఫోల్డర్‌లో పడేశాను. ఆవిడ వచ్చాక అడిగి చెరిపేద్దామనుకున్నాను. మర్నాడు, ముట్టుకున్నావా అని ఆవిడ అడిగినప్పుడు నాకు గుర్తుండే లేదన్నానో, గుర్తులేక లేదన్నానో ఒట్టేసి చెప్పలేను. చెప్పలేకపోతున్నందుకే సిగ్గుతో తల తీసేసినట్టయింది. షాపు చూస్తూ ఉండమని సర్జన్‌కి చెప్పి, చెప్పులేసుకుని బయటపడ్డాను.

లాయరు ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. పొడుగాటి గది, గోడల నిండా ఫైళ్ళ కట్టలు, కిటికీ దగ్గర వదిన. లాయరు కోర్టుకి వెళ్ళినట్టున్నాడు, ఇంకెవరూ లేరు. నన్ను చూసి ఆవిడ లేవలేదు, టైపు చేయడం ఆపలేదు. ఎదురుగా ఉన్న స్టూలు మీద ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాను.

"పుస్తకం దొరికింది వదినా," అన్నాను. "పోగొట్టింది నేనే. చెత్త అని పేరు పెట్టి నేనే పడేశాను. పడేసి నిన్ను అన్నాను."

ఆవిడ ఆ లైను చివరిదాకా టైపు చేసి ఆగింది.

"తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే. నువ్వు మేడం వెనకాల కిందికి వెళ్ళాక మళ్ళీ వెతికాను. పాటల్లో దొరికింది. తెరిచి చూసుకున్నాను. అన్ని పేజీలూ ఉన్నాయి."

నేను స్టూలు ముందుకి జరుపుకున్నాను.

"కిటికీలోంచి చూస్తే మేడం ఇంకా కారెక్కలేదు," అంది వదిన. "నువ్వు కారు తలుపు పట్టుకుని నిలబడి ఏదో చెప్తున్నావు. నేను పైనుంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. నువ్వన్న మాటకి అంత ఒళ్ళు మండింది నాకు. కంప్యూటర్ కట్టేసి వచ్చేశాను." కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. "ఐదు నెలలు నేను చేసిన పుస్తకం. నేనే పోనిచ్చాను. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు ఈ సంగతి."

"తర్వాతైనా నాకు చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? దొరికింది, కావాలనే నీకు చూపించలేదు అనా?" అంది. "నీకు కనబడితే నువ్వే వస్తావనుకున్నాను. నువ్వొచ్చి చెప్తే నేనూ చెప్దామనుకున్నాను. వారంలో వస్తావనుకున్నాను. పోనీ నెలలో అనుకున్నాను. ఆ డిస్కు సర్దడానికి నీకు ఆరేళ్ళు పట్టింది."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి నాకు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నేనెక్కడ సర్దాను," అన్నాను. "సర్జన్ ఏదో ప్రోగ్రామ్ తెచ్చాడు. అదే సర్దుతోంది, ఇంకా సగమే అయింది."

"అదీ సంగతి," అంది వదిన. కళ్ళజోడు పెట్టుకుని తెర వైపు తిరిగింది గానీ చేతులు కీబోర్డు మీదికి వెళ్ళలేదు. "ఈ నెలాఖరు దాకా ఉంటానని ఇక్కడ మాటిచ్చాను. నేను వచ్చేదాకా దేన్నీ చెరపొద్దని చెప్పు ఆయనకి."