పక్కటెముక

మా నాయనమ్మ సంవత్సరీకం విందులో వడ్డన చిన్నకోడలైన మా పిన్ని జూరాకాన్ చేతిలో పడింది. మా ఆచారం ప్రకారం పెద్దకోడలికి గౌరవంగా తుంటి మాంసం రావాలి. పిన్ని దాన్ని ఎవరో చుట్టానికి వేసి, మా అమ్మ ఉల్కాన్ పళ్లెంలో పక్కటెముక పడేసింది. నలుగురిలో జరిగిన అవమానం, బాధ ఉండదా? ఉంటుంది. కానీ ఆ పక్కటెముకను అమ్మ ఏళ్ల తరబడి నములుతూనే ఉంది. పాలు పితుకుతూ అదే మాట, ఉన్ని ఏకుతూ అదే మాట. టీ పోస్తే, చెబుతూ చెబుతూ చల్లార్చి పారబోసేది. ఆనక తలకు గుడ్డ బిగించి పడుకునేది. లేచి మళ్లీ మొదలు. నాకు విసుగు పోయి, అమ్మకేమవుతుందోనని భయం పట్టుకుంది.

ఒక ఏడు కొండమీది మేతకు వెళ్లేముందు గుడారం మీద కప్పడానికి కొత్త కంబళి కావాల్సివచ్చింది. పాతది కారుతోంది. ఉన్నిని రెల్లు చాప మీద పరిచి, వేడినీళ్లు చల్లి, చుట్టి తాళ్లు కట్టాం. వెంటనే ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఒత్తకపోతే అది అతకదు, ఏడాది ఉన్ని అంతా మట్టిపాలు. పిలిచినవాళ్లెవరూ రాలేదు. ఒకావిడకు మోకాళ్ల నొప్పులట, ఇంకొకావిడ దూడకు బాగాలేదట.

"అందరికీ ఇవాళే రోగాలొచ్చాయేంటే?" అంది అమ్మ.

"రోగాలు కాదమ్మా, నీ పక్కటెముక. వినలేక చస్తున్నారు." నోరు జారాను.

అమ్మ చాప పక్కనే కూలబడింది. "నన్ను చూసి దాక్కుంటున్నారా?" అంది. ఆ గొంతు విని నా నోరు పడిపోనూ అనుకున్నాను. కానీ ఉన్ని చల్లారుతోంది. ఏమైతే అదవుతుందని పరుగెత్తి పిన్నినే పిలుచుకొచ్చాను.

"నిన్నెవరు రమ్మన్నారు?" అంది అమ్మ.

"నీ ఉన్ని రమ్మంది. జరుగక్కా," అంటూ పిన్ని చొక్కా చేతులు పైకి మడిచి పక్కన కూర్చుంది.

ముగ్గురం మోకాళ్ల మీద వంగి మోచేతులతో ఒత్తసాగాం. పని మొదలైతే అమ్మ నోరు ఊరుకోదు. తెరిచింది, మూసింది. ఎవరికని చెబుతుంది?

"చెప్పక్కా," అంది పిన్ని. "ఊరందరి నోటా విన్నా. నీ నోట ఒక్కసారీ వినలేదు."

అమ్మ చేతులు ఆపలేదు. "పక్కటెముక వేశావు నాకు. అందరి ముందూ."

"వేశా. తెలిసే వేశా. ఆరోజు నీమీద ఒళ్లు మండింది."

"ఎందుకు?"

"ఇప్పుడు గుర్తులేదక్కా. తప్పే చేశా. తర్వాత?"

అమ్మ తర్వాతి మాట కోసం వెతుక్కుంది. పూటలకు పూటలు సాగిన కథ.

"తర్వాతేముంది, అంతే," అంది. కళ్లనీళ్లు ఉన్ని మీద రాలాయి. పిన్ని ఒత్తుతూనే ఉంది. కంబళి గట్టిపడేదాకా ముగ్గురం కలిసి ఒత్తాం.

పిన్ని వెళ్లిపోయాక అమ్మ గుమ్మం దగ్గర దిక్కుతోచనట్టు కూర్చుంది.

"ఇక నేనేం మాట్లాడాలే?" అంది.

టీ పోసిచ్చాను. అమ్మ దాన్ని వేడిగా ఉండగానే తాగింది.