సన్నధార

“మీ అత్తయ్యకి గ్యాస్ పోయింది” అని నర్సమ్మ తలుపు సందులోంచి చెప్పగానే, మా మామయ్య ఆసుపత్రి వరండా అదిరిపోయేలా “పోయిందట!” అని కేకేశారు. ఎదురు బెంచీ మీది పెద్దావిడ పాపం, గుండె మీద చెయ్యేసుకుంది. “గ్యాసండీ, గ్యాస్!” అని మా ఆయన పరిగెత్తుకెళ్ళి చెప్పొచ్చారు. నేను నవ్వాపుకోలేక ఆయన భుజంలో మొహం దాచుకున్నాను. కొత్త కోడలు శుభవార్త అంటే అందరూ ఇంకేదో అనుకుంటారు. మా ఇంటి శుభవార్త మాత్రం ఇదే.

అత్తయ్యకి పేగులో క్యాన్సర్ గడ్డ. ఆ ముక్క కోసి తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. పేగు మళ్ళీ కదులుతోందనడానికి గుర్తే ఆ గ్యాస్. దానికోసం అందరికన్నా ఎక్కువ అల్లాడింది మామయ్యే. కారణం, నిన్న ఆయన చేసిన ఘనకార్యం.

మామయ్య మంచినీళ్ళ సరఫరాలో పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ధార సన్నగిల్లితే చాలు, చెయ్యి దానంతటదే వాల్వు మీదికి పోతుంది. నిన్న అత్తయ్య “నాలుక పిడచకట్టుకుపోతోందండీ” అంది. పైన సెలైన్ బొట్టు బొట్టుగా పడుతోంది. నాలుక తడపడానికి దూది కోసం మా ఆయనా నేనూ వెళ్ళాం. ఆయన గొట్టానికున్న చక్రాన్ని గిర్రున తిప్పేశారు. నర్సమ్మ వచ్చి ఆపేసరికి సీసాలో సగం దిగిపోయింది.

“ఎక్కువైతే ఏంటమ్మా? బలమేగా?” అన్నారు అమాయకంగా.

మత్తు డాక్టరుగారు వచ్చారు. ఆపరేషన్ సాగినంతసేపూ అత్తయ్య తలాపునే ఉండి, బీపీ, మూత్రం గమనిస్తూ ఎంత కావాలో అంతే ఎక్కించిన మనిషి. ఆయన కోప్పడలేదు.

“పెద్దాయనా, పగిలిన పైపు అతికించగానే ఫుల్ ప్రెషర్ వదుల్తారా?”

“ఎంతమాట! అతుకు ఊడిపోదూ? ముందు సన్నధార వదిలి, చెమ్మ కారుతుందేమో చూసి...” మామయ్య చూపు సెలైన్ సీసా మీదికి పోయింది.

“ఇదీ అంతే. తక్కువైతే కిడ్నీలకి కష్టం. ఎక్కువైతే పేగు ఉబ్బుతుంది, కుట్టు సరిగ్గా మానదు. చూద్దాం.”

ఆ ‘చూద్దాం’తో మామయ్యకి మెతుకు దిగలేదు. అత్తయ్య పొట్ట వంక, మూత్రం సంచీ వంక చూస్తూ కూర్చున్నారు. కొడుకూ కోడలూ ఒకే కప్పులో కాఫీ తాగుతున్నా ఆటపట్టించలేదు. అదీ ఆయన దిగులు!

ఇప్పుడు లోపలికి వెళ్ళేసరికి డాక్టరుగారు పొట్ట నొక్కి చూస్తున్నారు. “మెత్తగా ఉంది. గండం తప్పినట్టే. రేపు సెలైన్ తీసేసి, గుక్క గుక్కగా నీళ్ళు మొదలుపెడదాం” అన్నారు.

“ఊరందరికీ నీళ్ళిచ్చి, కట్టుకున్నదాన్ని ముంచేద్దామనుకున్నారా?” అంది అత్తయ్య నీరసంగా.

మామయ్య కళ్ళు తుడుచుకున్నారు. “ఇంకే చక్రమూ ముట్టుకోనే. నీ మీదొట్టు.”

“నా మీదెందుకూ, మీ పంపు మీద వేసుకోండి.” అత్తయ్య నా చెయ్యి వెతుక్కుంది. “రేపు పొద్దున అమ్మాయి చెయ్యి పట్టుకుని వరండా చివరిదాకా నడుస్తా. అబ్బాయి కుర్చీ తెస్తాడు. మీరు నీళ్ళగ్లాసుతో నా వెనకే రండి. అడిగినప్పుడు ఒక్క గుక్క. ఒక్కటే, సరేనా?”