ప్యూబ్లాలో ఎవరికీ తెలియని భోజనం

మెక్సికోలోని ప్యూబ్లాలో ఎక్కడ ఏం తినాలో రత్నకుమార్‌నే అడగాలని జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ తెలుగువాళ్ళలో స్థిరపడిపోయింది. స్థిరపరిచింది ఎవరయ్యా అంటే, రత్నకుమారే. కార్ల ఫ్యాక్టరీ పనిమీద కొన్నాళ్ళు ఆ ఊళ్ళో ఉండి వచ్చాడు మరి.

"పెద్ద రెస్టారెంట్లు కాదండీ! బజారు వెనక సందులో ఒక మామ్మ ఉంటుంది. మోలే అని, మన పులుసులాంటిది చేస్తుంది చూడండీ..." అంటూ ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర మొదలుపెట్టేవాడు. చెప్పగా చెప్పగా మామ్మకి మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి. సంఘపెద్ద కోటయ్యగారు ఆవిడ కోసం ప్రార్థన చేయించారు.

అసలు ఆ మామ్మ పుడితే కదా! కడుపు చెడుతుందన్న భయంతో మన వీరుడు హోటల్ గది దాటి ఒక్క మెతుకు ముట్టలేదు. సూట్‌కేసులో చొక్కాల మధ్య కుక్కరూ, గోంగూర పచ్చడీ మోసుకెళ్ళాడు. సందులన్నీ ఫోన్‌లో చూసినవే.

ఇంతలో ప్యూబ్లాలో అతనితో పనిచేసిన రోడ్రిగో వోల్ఫ్స్‌బర్గ్ వచ్చాడు. రత్నకుమార్ భార్య ఏసుకుమారి అతన్నీ, కోటయ్యగారినీ భోజనానికి పిలిచేసింది. పొద్దుటినుంచీ వంట ఆవిడ ఒక్కతే చేసింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా ఎరగనని పెళ్ళైనప్పటినుంచీ చెప్పుకుంటున్న మనిషిని సాయానికి పిలిచి ఏం లాభం? ఆ మనిషి మాత్రం ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతున్నాడు. ఇవాళ్టితో తన పరువు గోవిందా.

కోటయ్యగారు మొదటి ముద్దకే ఇంగ్లీషులో అడిగేశారు. "ఆ బజారు వెనక మామ్మగారికి ఎలా ఉంది బాబూ? మావాడు రోజూ అక్కడే తినేవాడుగా!"

"ఏ మామ్మ?" అన్నాడు రోడ్రిగో. "ఇతను మా ఊళ్ళో బయట ఏమీ తినలేదే! మేమే ఇతని గదికి పోయేవాళ్ళం. మా ఊళ్ళో ఎవరికీ తెలియని మంచి భోజనం అదే సార్! ఆ పులిహోర! ఆ గుత్తొంకాయ! చోటు చాలక మెట్లమీద కూర్చుని తినేవాళ్ళం."

కోటయ్యగారు పొలమారేలా నవ్వారు. "పోన్లేవయ్యా, ప్రార్థన ఎక్కడికీ పోదు. ఎవరో ఒక మామ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గుంటాయ్."

గండం గడిచిందని రత్నకుమార్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఏసుకుమారి నోరు విప్పింది, మరీ మెత్తగా.

"గుత్తొంకాయ మీరు వండారా?"

"ఏదో... వాళ్ళు అడిగితే..."

"నాకు జ్వరమొచ్చినప్పుడు వారమంతా బ్రెడ్డు పెట్టారు కదండీ!"

అతను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. అబద్ధం బయటపడితే నవ్వుతారనే ఇన్నాళ్ళూ భయపడ్డాడు. ఈ మాటకి నవ్వినవాళ్ళు లేరు.

"పప్పులో ఉప్పు చాల్లేదు. తెండి," అంది ఆవిడ.

వంటింట్లో కాసేపు వెతుకుతున్నట్టు నటిద్దామా అనుకున్నాడు. సిగ్గేసింది. తిన్నగా వెళ్ళి, రెండో అరలో పసుపు వెనకనున్న డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.