చీకట్లో చదివిన వరుస

నేను ఒక అక్షరాల పలకను. నన్ను చదివినంతమంది ఏ పుస్తకాన్నీ చదివి ఉండరు. అయినా నన్ను చదివి ఎవరికీ ఒక్క ముక్క తెలియలేదు. నాలో అర్థమేమీ ఉండకూడదనే నన్ను అలా కూర్చారు. పైన అరచెయ్యంత 'ర', కిందికి దిగేకొద్దీ సన్నబడే వరుసలు, అట్టడుగున చీమలబారు. అక్షరం ఎత్తులో వెంట్రుకవాసి తేడా వచ్చిందని ప్రెస్సులో మూడుసార్లు చించి పారేశారు. నాలుగోసారికి నేను పుట్టాను. అంత ఖచ్చితంగా పుట్టినందుకు నాకు పొగరు కూడా ఉండేది.

ఒక బోధనాసుపత్రి కంటి విభాగంలో, కిటికీలు లేని గదిలో, దీపాల పెట్టెకు బిగించి రోగి కుర్చీకి ఇరవై అడుగుల దూరంలో నన్ను వేలాడదీశారు. లైసెన్సు కోసం వచ్చిన లారీ డ్రైవర్లు వేళ్ల సందుల్లోంచి నన్ను దొంగచూపు చూసేవారు. కంటి డాక్టరు చదువుకు వచ్చిన పీజీలు మొదటి వారమంతా నా దగ్గరే పని నేర్చుకునేవారు. "చదవండమ్మా, ఇంకొక్క వరుసమ్మా" అనేవారు. రెండో వారానికి ఆ 'అమ్మా' రాలిపోయేది. ప్రొఫెసర్ గారి దగ్గర అది రాలిపోయి ఎన్నేళ్లయిందో నాకు తెలియదు.

బాలవ్వ అక్కడికే వచ్చింది. మెట్‌పల్లి దిక్కు మనిషి, బీడీలు చుట్టేది. చక్కెర జబ్బు ఆమె ఎడమ కన్నును ముందే తినేసింది. మిగిలిన కుడి కంటి వెనక పొర వాచింది. అప్పుడు ప్రొఫెసర్ గారు కంట్లో వేసే ఒక కొత్త సూదిమందు మీద పరిశోధన చేస్తున్నారు. బాలవ్వను అందులో చేర్చుకున్నారు. పదకొండు కాగితాల మీద ఆమె తన పేరులో అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకాలు చేసింది. అవి తెలుగులోనే ఉన్నాయి కానీ, ఏ తెలుగువాడూ మాట్లాడని తెలుగులో ఉన్నాయి. చూపు రెండు వరుసలు తగ్గితే మనిషిని పరిశోధనలోంచి తప్పించి వెంటనే లేజర్ చెయ్యాలని తొమ్మిదో కాగితంలో ఉంది. పీజీలు పరీక్షల ముందు నా ఎదురుగానే ఆ నియమం వల్లెవేసేవారు కాబట్టి నాకు తెలుసు. బాలవ్వకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదటి సూది తర్వాత ఆమె ఆరో వరుస దాకా నిజంగానే చదివింది. ప్రొఫెసర్ గారు భుజం తట్టి, "శభాష్ బాలవ్వా, మా మందు పరువు నిలబెట్టావు" అన్నారు. ఆ ఒక్క మాట ఆమెను ముంచింది. ఆ రోజు నుంచి నేను ఆమెకు పరీక్షనైపోయాను. పరీక్షంటే తప్పకూడదు కదా.

నాలుగో నెలలో ఆమె చూపు నా మీద వాలడం మానేసింది. ఎవరి చూపు నాకు తగిలిందో, ఎవరిది తగల్లేదో నాకు తెలుస్తుంది. ఆమెది నా పక్కనున్న గోడ మీద తచ్చాడేది. కానీ ఆమె పొద్దున్నే వచ్చి తలుపు దగ్గర బెంచీ మీద కూర్చునేది. ముందున్నవాళ్లు ఒక్కొక్కరూ నన్ను పైకి చదువుతుంటే పెదవులు కదుపుతూ వినేది. పక్కావిడతో ఒకసారి అంది: "సారు నన్ను నమ్మి సూదేస్తుండు. సదవకుంటె ఆయన మొకం సిన్నగైతది."

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం డాక్టర్ మృదుల ఆమె చేత చదివిస్తోంది. ఆ పీజీ అమ్మాయి థీసిస్ ఈ మందు మీదే. ఇంకో ఇరవై రోజుల్లో ఇవ్వాలి. బాలవ్వ పోయిన కన్నుకు, గరిటెలా ఉండే నల్ల మూతను అడ్డుపెట్టుకుని నాలుగో వరుసకు వచ్చింది. అంతలో కరెంటు పోయింది. నా వెనక దీపాలు ఆరి గది నల్లగా అయిపోయింది.

బాలవ్వ ఆగలేదు. ఐదో వరుస చదివింది. ఆరోది కూడా: "ద... న... స... ట... ల."

జనరేటర్ అందుకుంది. మృదుల కలం గాలిలోనే ఆగి ఉంది.

"అవ్వా, కరెంటు పోయింది కదా!"

"పోతె పోనీ బిడ్డా. నాకన్ని వస్తయి," అంది బాలవ్వ, గర్వంగా.

మృదుల లేచి పక్క గదిలోకి వెళ్లింది. తలుపు తీసే ఉంది.

"ఎన్ని వరుసలు?" అన్నారు ప్రొఫెసర్ గారు తలెత్తకుండా.

"ఆరు సార్. కానీ కరెంటు పోయినా..."

"కరెంటు సంగతి రాయడానికి ఫారంలో గడి ఉందా?"

"లేదు సార్."

"అయితే ఆరు రాయి."

ఆమె వచ్చి ఆరు వేసింది. రాస్తున్నంతసేపూ బాలవ్వ వైపు చూడలేదు. ఆ రోజు నాకు నా మీదే అసహ్యం వేసింది. ఒంటినిండా అక్షరాలు పెట్టుకుని ఒక్క మాట చెప్పలేకపోయాను. లేజర్ చేస్తే ఆ కన్ను కొంతైనా దక్కేది.

మందు గెలిచింది. ప్రొఫెసర్ గారికి శాలువా కప్పారు. మృదుల డిగ్రీ తీసుకుని వెళ్లిపోయింది. వెళ్లేముందు, ప్రతిసారీ అక్షరాలు మారే తెర కావాలని ఒక అర్జీ పెట్టిందట. ఎందుకో మాత్రం రాయలేదట. తెర వచ్చింది. నన్ను పక్కనే ఉన్న సామాన్ల గదిలో, విరిగిన స్టూళ్ల మధ్య గోడకు ఆనించారు. ఇప్పుడు నేనుండేది అక్కడే. బూజు పట్టింది గానీ అక్షరం ఒక్కటీ చెరగలేదు.

పోయిన వారం తలుపు అవతల తెలిసిన గొంతు వినిపించింది. ఎవరో ఆమెను చెయ్యిపట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్తగా చేరిన పీజీ కుర్రాడు, "ఏం కనిపిస్తోందమ్మా?" అని అడిగాడు. అతనికింకా మొదటి వారమే.

బాలవ్వ గొంతు సవరించుకుంది. పై వరుస నుంచి మొదలుపెట్టి ఆరో వరుస దాకా నన్ను చదివింది. ఒక్క తప్పు పోలేదు.

"అవి ఇక్కడ లేవమ్మా," అన్నాడు అతను మెల్లగా. "అక్షరాలు మార్చేశారు."

ఆమె అతని గొంతు వైపు తల తిప్పింది.

"మార్సిన్రా? నాకెవ్వలు జెప్పలె బిడ్డా," అంది. "ఒక్కపారి సదివి ఇనిపియ్యి. నేర్సుకోని వస్త."