తొమ్మిది గుర్తుల మనిషి

అత్త కొట్టినందుకు కాదుగానీ, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. మన పెద్దకోడలికైతే తోడికోడలు నవ్వనక్కర్లేదు, ఊరికే ఊపిరి పీల్చినా చాలు, ఒళ్ళు మండిపోయేది. ఆమె తప్పని నేననను. పన్నెండేళ్ళు చాకిరీ చేసినదాని పక్కకి మొన్న రెండేళ్ళ క్రితం వచ్చినది చేరి కాలు మీద కాలేసుకుంటే మీకు మాత్రం మండదూ?

వాళ్ళ అత్తగారి వృత్తి మనిషిని చూసి జోస్యం చెప్పడం. ఇస్త్రీ షాపు పైన ఒక గది, గుమ్మం మీద "మీరు చెప్పకుండానే మీ సంగతి చెప్పబడును" అని బోర్డు, లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు. అత్తగారి కుర్చీ వెనక ఒక చెక్క అడ్డం, దానికి చిన్న జాలీ. ఆ జాలీ వెనక స్టూలు మీదే పెద్దకోడలి వయసంతా గడిచిపోయింది. మొదటి మూడేళ్ళు వచ్చినవాళ్ళ చెప్పులు తప్ప ఇంకేమీ చూడకూడదు. "మొహం అబద్ధమాడుతుందే, మడమ ఆడదు" అనేది అత్తగారు. తర్వాత మూడేళ్ళు చేతులు, సంచులు. ఆ తర్వాత రెండేళ్ళు కళ్ళు మూసుకుని గొంతులు వినడం. మిగిలిన నాలుగేళ్ళూ నోరు మూసుకోవడం నేర్చుకోవడానికే సరిపోయాయి. ఎదుటి మనిషి తనంతట తాను నోరు విప్పేదాకా గుటక కూడా మింగకుండా కూర్చోవాలి. తేలికనుకుంటే ఒక్క పది నిమిషాలు కూర్చుని చూడండి, తెలుస్తుంది.

అన్నీ నోటుబుక్కుల్లో రాసుకుంది. ఉద్యోగం పోయినవాళ్ళకి ఆరు గుర్తులు. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళకి ఐదు. మొగుడు పోయిన ఆడవాళ్ళకి తొమ్మిది. ఏదో ఒకనాడు ఆ కుర్చీ తనది కాకపోతుందా అని, ఒక్క ఆశతో, జ్వరమొచ్చినా మానకుండా రాసింది.

ఇంతలో మరిదికి పెళ్ళయింది. చిన్నకోడలు దిగింది. పెళ్ళికి ముందు బస్సులో టికెట్లు కొట్టే పిల్ల. "దానికి కూడా నాలుగు ముక్కలు నేర్పవే" అని అత్తగారు పెద్దకోడలికే పురమాయించింది. చేసేదేముంది, బట్టలు మడతపెడుతూ నోటుబుక్కులన్నీ చదివి వినిపించింది. ఆ పిల్ల ఆవులిస్తూ వినేది. ఒక్క ముక్క రాసుకుంటే ఒట్టు. అత్తగారికి ఓపిక లేనప్పుడు ఇద్దరూ వంతులేసుకుని వచ్చినవాళ్ళకి చెప్పేవాళ్ళు.

అయినా సరే, ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, ఆరు నెలలు తిరక్కుండానే వచ్చేవాళ్ళంతా "ఆ చిన్నమ్మాయి లేదా?" అని అడగడం మొదలుపెట్టారు. అది చెప్పేదాంట్లో సగం తప్పులే! పెద్దకోడలు జాలీ వెనక కూర్చుని లెక్కపెట్టింది కూడా. కానీ తప్పు చెప్పించుకున్నవాళ్ళే నవ్వుకుంటూ మెట్లు దిగేవాళ్ళు. తను ఉన్నదున్నట్టు చెప్తే మొహాలు మాడ్చుకునేవాళ్ళు. కడుపు మండదా మరి?

ఆ ఏడాది అత్తగారి రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. ఒకరోజు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇంక నావల్ల కాదర్రా. సోమవారం మొదట వచ్చినవాళ్ళని పెద్దది చూస్తుంది, తర్వాత వచ్చినవాళ్ళని చిన్నది. నేను వెనక కూర్చుని వింటా. బాగా చెప్పినవాళ్ళదే కుర్చీ."

"నాకూ పరీక్షేనా అత్తయ్యా? పన్నెండేళ్ళ తర్వాత?"

"నీకే కదే భయముండకూడదు" అంది అత్తగారు.

భయం లేకపోవడమేమిటి, పెద్దకోడలికి మూడు రోజులు తిండి సయించలేదు. నాలుగో రోజు, అత్తింట్లో ఎవరూ ఎరగని తన చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి పోయింది. ఆవిడ దర్జీ పని చేస్తుంది, మొగుడు మిక్సీలు బాగుచేస్తాడు, గుండ్రాయిలా ఉన్నాడు. ఆవిడకి మొగుడు పోయినదానిలా కూర్చోవడం నేర్పింది. ఉంగరం తీసిన వేలు బొటనవేలితో రుద్దుకోవాలి, పక్క కుర్చీలో సంచి పెట్టబోయి మళ్ళీ ఒళ్ళోకి తీసుకోవాలి, పేరడిగితే ఒక్క క్షణం ఆగాలి, ఇలా మొత్తం. రెండు సాయంత్రాలు చేయించి చూసింది. ఎక్కడా వంక లేదు.

"అది నీ మొగుడు పోయాడని అనగానే, బతికే ఉన్నాడని చెప్పి లేచి వచ్చెయ్."

"పాపం కాదుటే?" అంది స్నేహితురాలు.

"నాకు జరిగింది పుణ్యమా?" అంది పెద్దకోడలు.

సోమవారం మొదట ఒక రిటైరైన రైలు డ్రైవరు వచ్చాడు. తమ్ముడితో మాటల్లేవని పెద్దకోడలు చెప్పింది. నిజమే. ఆయన మొహం మాడ్చుకునే వెళ్ళాడు. ఆయన దిగేదాకా కింద ఇస్త్రీ షాపు దగ్గర కాచుకున్న దర్జీ స్నేహితురాలు మెట్లెక్కింది. పెద్దకోడలు జాలీకి కన్ను ఆనించింది. పక్కన అత్తగారు చెవి ఒగ్గి కూర్చుంది.

చిన్నకోడలు వచ్చినావిడని చాలాసేపు చూసింది. కాళ్ళు చూసింది, చేతులు చూసింది. ఒకసారి వెనక్కి తిరిగి జాలీ వైపు చూసి, మళ్ళీ అటు తిరిగింది.

"మీ ఆయన పోయి రెండేళ్ళయినట్టుందమ్మా" అంది మెల్లగా.

"శుభమా అని బతికే ఉన్నాడు తల్లీ! పొద్దున్నే నాతో పోట్లాడి మరీ షాపుకెళ్ళాడు" అని స్నేహితురాలు గబగబా దిగిపోయింది.

అత్తగారు నిట్టూర్చింది. పెద్దకోడలి చెయ్యి తడిమి పట్టుకుని, గది తాళంచెవి అందులో పెట్టింది. "కష్టం ఊరికే పోదే" అని, గోడ పట్టుకుని ఇంటికి నడిచింది. పెద్దకోడలికి ఆనందం ఆగలేదు. పోయి కుర్చీలో కూర్చుంది. కుర్చీ చేతులమీద తన చేతులు ఆన్చింది. అబ్బ, ఎన్నాళ్ళకి!

చిన్నకోడలు టీ గ్లాసులు ఏరుకుంటోంది.

"బాగా చేసిందక్కా ఆవిడ" అంది.

"ఏం చేసింది?"

"కాకపోతే తొమ్మిదీ పెట్టావు. ఎవరికైనా మూడో నాలుగో ఉంటాయి గానీ, తొమ్మిది గుర్తులూ ఒక్కమనిషికే ఎలా ఉంటాయక్కా? అచ్చంగా నీ నోటుబుక్కు మెట్లెక్కి వచ్చినట్టుంది."

ఆవులిస్తూ ఒక్కటీ వదలకుండా విన్నదన్నమాట.

"తెలిసే తప్పు చెప్పావా?"

"ఊఁ."

"ఎందుకే?"

చిన్నకోడలు గ్లాసులు పళ్ళెంలో పెట్టి, అక్కడికేదో చిన్న విషయమన్నట్టు చెప్పింది.

"నీకు కావాలి కదక్కా. నాకంత అక్కర్లేదు."

చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. ఇన్నాళ్ళూ దాని నవ్వు చూసి కుళ్ళుకుంది, దాని మాట చూసి కుళ్ళుకుంది. ఇప్పుడు కుర్చీ తన కిందే ఉంది, తాళంచెవి తన చేతిలోనే ఉంది. అయినా అక్కర్లేకుండా బతకగలగడమన్నది మాత్రం ఆ పిల్ల దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఏ జాలీ వెనక ఎన్నేళ్ళు కూర్చుంటే నేర్చుకోవచ్చో పెద్దకోడలికి తెలియలేదు. మునుపెన్నడూ లేనంత అసూయ పుట్టింది.

కింద మెట్ల మీద ఎవరివో అడుగులు వినిపించాయి.

"వస్తున్నారక్కా. సర్దుకుని కూర్చో" అని చిన్నకోడలు పళ్ళెం తీసుకుని జాలీ వెనక్కి వెళ్ళిపోయింది.