దొర లేని నలభై రోజులు

నా మొగుడు దాసన్నకు నామీద ఎంత ప్రేమ ఉందో నేను చెప్పలేను గానీ, పొట్టేలు మీద ఎంత ఉందో ఊరంతా చెబుతుంది. తల్లి చచ్చిన పిల్లకు సీసాతో పాలు తాపి పెంచి, దానికి దొర అని పేరు పెట్టుకున్నాడు. ఆయన ఎటు పోతే అది అటే. మా ఇరవై రెండు గొర్రెలకూ మగదిక్కు అదొక్కటే.

చిక్కంతా అక్కడే ఉంది. పొట్టేలు ఏడాది పొడవునా మందలోనే తిరిగితే గొర్రెలు తలా ఒక నెలలో ఈనుతాయి. పోయిన ఎండాకాలం పుట్టిన తొమ్మిది పిల్లలు, తల్లుల పొదుగుల్లో పాలు లేక, నా చేతుల్లోనే పోయాయి. తొమ్మిదో దాన్ని పూడ్చిన రోజు తీర్మానించుకున్నాను, ఇక ఎండల్లో మా దొడ్డిలో పిల్ల పుట్టకూడదని. శనక్కాయ చేలు ఖాళీ అయి, మందకు కడుపునిండా మేత దొరికాకే పుట్టాలి.

పశువుల డాక్టరు వసంతకుమార్‌ను అడిగాను.

"పొట్టేలును నలభై రోజులు దూరంగా పెట్టు, కృపమణమ్మా. గొర్రెలకు అది కనబడకూడదు, వినబడకూడదు, దాని వాసన కూడా తగలకూడదు. ఆ తర్వాత ఒక్కసారిగా మందలో వదిలితే, నెల తిరిగేలోగా దాదాపు అన్నీ ఎదకొస్తాయి," అన్నాడు.

"పొట్ట కింద గోనెగుడ్డ కడితే చాలదా సార్? మా నాయన కాలం నుంచి అట్లే చేస్తాండాము," అన్నాడు దాసన్న.

"గోనెగుడ్డ పొట్టేలు గొర్రె మీదికి ఎక్కకుండా ఆపుతుంది. వాసనను ఆపదు."

ఈస్టర్ సాయంత్రం దొరను గుట్ట అవతల, మా చెల్లెలు ప్రేమజ్యోతి ఊళ్ళో కట్టేసి వచ్చాం. యేసు పరలోకానికెళ్ళిన ఆరోహణ దినం నాటికి నలభై రోజులు నిండాయి. దొరను తెచ్చి మందలో వదిలాం. గొర్రెలు తలెత్తి చూశాయి, మళ్ళీ మేతలో పడ్డాయి. నెల రోజులు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశాను. ఎదకొచ్చినవి నాలుగే.

కారణం చెల్లెలి నోటి నుంచి బయటపడింది. "బావ దినామూ మధ్యాన్నం వస్తాండె గదక్కా. దొరను కంబళి మీద పడుకోబెట్టుకోని, పక్కనే తానూ పండుకుంటాండె. నీకు తెలుసనుకున్యా."

ఆ కంబళినే ఆయన ప్రతి సాయంత్రం తెచ్చి దొడ్డి కంచె మీద ఆరేసేవాడు. అంటే నలభై రోజులూ దొర మా ఇంటికి వస్తూనే ఉన్నట్టు. గొర్రెలకు దాన్ని మరిచిపోయే అవకాశం ఎక్కడిది? గొర్రెలను, పొట్టేలును విడదీస్తే చాలనుకున్నాను. నా మొగుణ్ణి కూడా విడదీయాలని నాకు తట్టలేదు.

వారం రోజులు ఆయన్ను దులిపేశాను.

"మల్లా నలభై దినాలు కట్టేద్దాం. ఈసారి నేను పోను," అన్నాడు.

"వానలు పడినాయి. ఇంక నలభై దినాలు యాడుండాయి? ఇప్పుడు ఆగితే ఈతలు మల్లా ఎండల్లోకి పోతాయి. తొమ్మిది పిల్లల్ని పూడ్సింది నేను. నువ్వు గుంత కూడా తవ్వలా."

మిగిలిన దారి ఒక్కటే, గొర్రెలు ఎన్నడూ చూడని, వాసన ఎరగని కొత్త పొట్టేలు. పక్క ఊరి దేవేంద్రప్ప తన పొట్టేలును ఇచ్చి మాదాన్ని తీసుకుంటానన్నాడు. ఆ మాట విన్న దాసన్న పూటంతా అన్నం ముట్టలేదు. తెల్లవారాక తనే లేచి దొర తాడు విప్పాడు.

ఇద్దరం తోలుకుపోయి దేవేంద్రప్ప మందలో వదలగానే దొర చుట్టూ గొర్రెలు మూగాయి. వాటికి అది కొత్త కదా.

"ఏమప్పా దాసన్నా, మీ పొట్టేలు శానా గట్టిది. ఇన్నాళ్ళూ యాడ దాసిపెట్టుకున్యావు?" అన్నాడు దేవేంద్రప్ప.

దాసన్న నవ్వాడు. "దొరా" అని ఒకసారి పిలిచాడు. అది తల తిప్పలేదు.

డిసెంబరులో, మిగిలిన పద్దెనిమిది గొర్రెల్లో పదహారు పది రోజుల్లో ఈనాయి. ఒక్క పిల్ల కూడా చావలేదు. ఈ సంగతి చర్చిలోనూ సంతలోనూ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతుంటాను. పొట్టేళ్ళను మార్చుకున్న రోజు తిరిగి వచ్చేటప్పుడు దారిలో జరిగింది మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

కొత్త పొట్టేలు నెమ్మదైనది. సగం దూరం వచ్చేసరికి అది దాసన్న పక్కకు జరిగి, ఆయన మోకాలికి తల రాసుకుంటూ నడవసాగింది. అలవాటుగా ఆయన చెయ్యి దాని చెవుల మధ్యకు పోయింది. పోయిన చేతిని గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. నిలబడిపోయి, తాడు నాకు అందించాడు.

"ఏమయ్యా, చెయ్యి నొప్పా?" అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు.

"నువ్వే పట్టుకో మే. నాకు మల్లా అలవాటైతాది."