వంపు తిరిగిన రోడ్డు

కింది వీధిలో ఇస్త్రీ తాత ఇంటి మీదికి కూల్చే యంత్రం వచ్చినప్పుడు పై వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. టైలరమ్మ తలుపు కూడా. కుట్టుమిషన్ ఆపి, కిటికీ సందులోంచి చూస్తూ నిలబడింది.

కొత్తగా వేసే పెద్ద రోడ్డుకు గీసిన గీత పోయినేడాది ఈ పై వీధి మీదుగానే ఉండేది. ఉన్నవాళ్ల కార్లకు పది నిమిషాలు కలిసిరావాలంటే లేనివాళ్ల కొంపలు కూలాలి కదా! అప్పుడు కింది వీధి జనమంతా వచ్చి అడ్డంగా కూర్చున్నారు. ముందు వరసలో తాత. లేవమని పోలీసు గదిమితే, "మోకాళ్లు పట్టేశాయి నాయనా, నాకే లేవడం రావట్లా, నువ్వేం లేపుతావ్!" అని అందర్నీ నవ్వించాడు.

రోడ్డు వేయించే ఇంజనీరు గడుసువాడు. మొన్న పై వీధి వాళ్లను మాత్రమే పిలిచి కుర్చీలేశాడు. "రోడ్డును కాస్త కింది వీధి వైపు వంచుతున్నాం. మీ ఇళ్లు భద్రం. ఇక గొడవలు మానండి" అన్నాడు. బతుకుజీవుడా అనుకుంటూ వచ్చేశారు. ఏరు దాటారు, తెప్ప తగలేశారు.

నిన్న సాయంత్రం తాత ఇస్త్రీ చొక్కాలు తెచ్చి అడిగాడు.

"రేపు మాతో అడ్డం కూర్చోడానికి వస్తారు కదమ్మా?"

"వస్తాం తాతా" అంది టైలరమ్మ, తలెత్తకుండా.

ఈ పొద్దున అడ్డం కూర్చున్న కింది వీధి వాళ్లను పోలీసులు వ్యానుల్లో ఎత్తుకుపోయారు. లోపల మనిషున్నాడని, పాలు పోయడానికొచ్చిన పాలామె అరిచిన అరుపు యంత్రం మోతలో కలిసిపోయింది. గోడ కూలింది. టైలరమ్మ పరుగెత్తేసరికి తాతను కూలీలు బయటికి లాగి పడుకోబెట్టారు. ఊపిరి లేదు.

"బయటికి రా తాతా అని కాళ్లావేళ్లా పడ్డానక్కా" పాలామె గుండెలు బాదుకుంది. "టైలరమ్మ మాటిచ్చింది, వస్తారు, అంటూ కూర్చున్నాడు."

టైలరమ్మకు ఏడుపు కూడా రాలేదు. వెనక్కి వెళ్లి ప్రతి తలుపూ బాదింది.

"మన జోలికి రాలేదుగా!" అన్నాడు కిరాణా కొట్టాయన.

"రేపు ఇంకో గీత గీస్తారు. అప్పుడు మనకోసం వచ్చే తాత ఏడన్నా?"

కొట్టాయన చెప్పులేసుకున్నాడు.

పై వీధంతా వచ్చి శవం చుట్టూ, యంత్రానికి ఎదురుగా కూర్చుంది.

"మీ ఇళ్లు వదిలేశాం కదా, మీకేం పని ఇక్కడ?" అని ఇంజనీరు అరిచాడు.

"వస్తామని మాటిచ్చాం" అంది టైలరమ్మ. అప్పుడు ఏడ్చింది. "ఆలస్యమైంది. ఇక లేవం."

పోలీసులు ఆమెను రెక్కలు పట్టి వ్యానెక్కించారు. ఆమె కూర్చున్న చోట కొట్టాయన కూర్చున్నాడు.